గుణదల వెళ్తున్నారా? సత్ప్రసాదం గురించి ఒక మాట

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదలలో మరియమాత ఉత్సవాలు జరుగుతాయి. భంజనగర్ నుంచి బరంపురం దాకా బస్సు, అక్కడ రైలు. మన తెలుగువాళ్లలో క్రైస్తవులు కానివారు కూడా మొక్కులకు వెళ్తుంటారు.

1924లో గుణదల అనాథాశ్రమం చూసుకునే ఇటలీ గురువు ఆర్లాటి కొండ గుహలో లూర్దుమాత విగ్రహం పెట్టించారు. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే అమ్మాయికి మరియమాత కనిపించిందని కథోలికుల నమ్మకం. అందుకే ఆ తేదీకి ఉత్సవం.

కొండ మీద మనకు కొత్తగా అనిపించేది తక్కువ. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు. మీదే మతమని ఎవరూ అడగరు. చిక్కంతా పూజ దగ్గరే.

ఒకసారి మాతో వచ్చిన పెద్దావిడ సత్ప్రసాదం వరుసలో నిలబడ్డారు. వెనకున్న ఒకామె "జ్ఞానస్నానం పొందారా అమ్మా?" అని అడిగి, లేదనగానే పక్కకు రమ్మన్నారు. "ప్రసాదం కాదనకూడదని నిలబడ్డాను నాయనా, నా కులం చూశారేమో" అని ఆవిడ రైల్లో కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తప్పు మాదే. ముందుగా చెప్పి తీసుకెళ్లవలసింది.

పేరులో ప్రసాదం ఉన్నా అది గుడిలో పంచే ప్రసాదం లాంటిది కాదు. గోధుమపిండి, నీళ్లతో చేసిన పలచటి అప్పం. పూజలో గురువు ప్రార్థనతో అది క్రీస్తు శరీరమే అవుతుందని కథోలికుల విశ్వాసం. అందుకని జ్ఞానస్నానం పొంది, దానికోసం ప్రత్యేకంగా సిద్ధపడిన కథోలికులే తీసుకుంటారు. మన బాప్టిస్టు, లూథరన్ బంధువులకు కూడా మామూలుగా ఇవ్వరు. కథోలికులైనా పెద్ద పాపం చేసి ఉంటే ముందు గురువు దగ్గర పాపసంకీర్తనం చేయాలి. కులానికీ దీనికీ సంబంధం లేదు.

వరుస కదిలినప్పుడు కూర్చున్నచోటే ఉండండి, ఎవరూ తప్పు పట్టరు.

పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాష్ట్రంలోదే. ఇక్కడి కథోలికులకు బరంపురం మేత్రాసనం 1974లో వచ్చింది. బళ్లో ఒడియా చదివే మన పిల్లలు అక్కడ పూజంతా తెలుగులో వింటారు. పోయినసారి ఒక కుర్రాడు "సత్ప్రసాదం అంటే ఏంటి తాతా?" అని అడిగితే, మేం కొండ దిగేదాకా చెబుతూనే ఉన్నాం.

ఆ పెద్దావిడ ఈసారీ వస్తారట. తలనీలాలు మొక్కుకున్నారు.