డ్రైవర్ లేని బస్సుకు బాధ్యులెవరు?

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో డ్రైవర్ లేని చిన్న బస్సులు తిరుగుతున్నాయి. అక్కడి టీహాన్ పరిశోధన కేంద్రం వాటిని రూపొందించింది. అవి గేటు దాటి ఊరి రోడ్డెక్కాలంటే ముందు చట్టం దారి ఇవ్వాలి. బడి పిల్లల తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా మనం తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

మన చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని మనిషే బండి నడుపుతాడన్న లెక్కతో రాశారు. లైసెన్సు లేనివారు బహిరంగ స్థలంలో నడపరాదని మూడో సెక్షన్ చెబుతుంది. ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూడాల్సింది డ్రైవరు, లేదా బండి బాధ్యత చూస్తున్న వ్యక్తి అని 134వ సెక్షన్ అంటుంది. ఢిల్లీ స్కూలు బస్సులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలూ డ్రైవరు గురించే: అనుభవం ఉండాలి, పదేపదే చలాన్లు పడినవారు పనికిరారు, యూనిఫాం వేసుకోవాలి. సీట్లో మనిషే లేకపోతే లైసెన్సు ఎవరికివ్వాలి? చలానా ఎవరి పేర రాయాలి?

బయటి దేశాల్లో

స్కాట్లాండులో ఎడిన్‌బరో దగ్గర 2023 మేలో స్టేజ్‌కోచ్ సంస్థ సుమారు 22 కిలోమీటర్ల మార్గంలో ఇలాంటి బస్సులు నడిపింది. అప్పటి చట్టం ప్రకారం సీట్లో లైసెన్సున్న డ్రైవరు కూర్చోవాల్సి వచ్చింది. ప్రయాణికులు చాలినంత మంది రాక 2025 ఫిబ్రవరిలో ఆ సర్వీసు ఆపేశారు.

ఈలోగా 2024లో బ్రిటన్ కొత్త చట్టం చేసింది. జాగ్రత్తగా, నేర్పుగా నడిపే మనిషి స్థాయికి బండి తగ్గకూడదు. అది తనంతట తాను నడిచినప్పుడు జవాబుదారీ అనుమతి పొందిన సంస్థది. జర్మనీ 2021 చట్టమైతే నిర్ణీత ప్రాంతాల్లోనే అనుమతిస్తుంది. దూరం నుంచి పర్యవేక్షించే మనిషి తప్పనిసరి.

అనుమతి ఇచ్చాక కూడా నిఘా ఉండాలి. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రూజ్ సంస్థ డ్రైవర్‌లేని కారు, మరో కారు ఢీకొట్టడంతో తన ముందు పడిన మహిళను కొంతదూరం ఈడ్చుకెళ్లింది. సంస్థ వాస్తవాలను సరిగా చెప్పలేదంటూ కాలిఫోర్నియా వాహనాల శాఖ అనుమతి నిలిపేసింది.

మెట్రో వేరు, రోడ్డు వేరు

ఢిల్లీ మెజెంటా లైనులో 2020 డిసెంబరు 28 నుంచి డ్రైవర్ లేని రైళ్లు నడుస్తున్నాయి. అందుకు ముందుగా మెట్రో నిబంధనలు మార్చారు. పట్టాల మీదికి ఆవు రాదు, ఆటో రాదు. మన రోడ్ల మీదికి రెండూ వస్తాయి. ఉపాధి చిక్కు మరొకటి. డ్రైవర్ల బతుకుతెరువు పోతుందని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2023లోనే ఇలాంటి కార్లను అనుమతించబోమన్నారు.

మనం అడగాల్సినవి

రేపు ఏ నగరంలోనైనా ప్రయోగం మొదలైతే మనం ముందే అడగాలి. ప్రమాదంలో పరిహారం ఎవరిస్తారు? బండిలోని రికార్డు ఎవరి చేతిలో ఉంటుంది? పిల్లలను దించి రోడ్డు దాటించేదెవరు? మరొకటి మనలాంటివారే అడగగలరు: హోసూరులోనో బరంపురంలోనో భయపడిన పిల్ల బటన్ నొక్కితే, అవతలి గొంతు ఏ భాషలో పలుకుతుంది? పర్మిట్ షరతుల్లో ఈ జవాబు కూడా రాసి ఉండాలని మేము కోరుతున్నాం.