పేదింటి కాన్పు - సబ్సిడీ బీమా: పామిడి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పేద కుటుంబాలకు ప్రసూతి వైద్యాన్ని అందుబాటులోకి తేవడానికి ప్రభుత్వమే ప్రీమియం చెల్లించే ఆరోగ్యబీమా ఒక సాధనంగా ముందుకు వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. ఆ జిల్లాలోని పామిడి ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, బీమా సూత్రానికీ కాన్పు స్వభావానికీ ఉన్న సంబంధాన్నీ, బీమా భరించగలిగిన, భరించలేని ఖర్చులనూ, పుట్టింటి పురుడు అనే ఆచారం వల్ల ఏర్పడే చిక్కులనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రసూతి వైద్యం, ఆరోగ్యశ్రీ, సబ్సిడీ బీమా, పుట్టింటి పురుడు, పామిడి, అనంతపురం.

1. ఉపోద్ఘాతం:

ఆడదానికి కాన్పు మరో జన్మ అని మన పెద్దలంటారు. ఆ మాటలో గౌరవంతో పాటు భయం కూడా ఉన్నది. ఒక తరం కిందటి వరకు ఆ భయానికి గట్టి కారణమే ఉండేది. నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు మరణించారు. 2018-20 నాటికి విభజిత ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు తగ్గింది. 2030 నాటికి ప్రపంచం చేరుకోవాలనుకొన్న 70 అనే లక్ష్యాన్ని మన రాష్ట్రం ముందే దాటింది.

అయితే ప్రాణం నిలవడం ఒక ఎత్తు, ఆ ప్రాణాన్ని నిలుపుకోవడానికి కుటుంబం అప్పులపాలు కాకుండా ఉండడం మరొక ఎత్తు. ఈ రెండవ ప్రశ్నకు సమాధానంగానే బీమా వచ్చింది. ఆ సమాధానం ఎంతవరకు సరిపోయిందన్నదే ఇక్కడి చర్చ.

2. పామిడి - నేపథ్యం:

పామిడి పెన్నానది ఒడ్డున, అనంతపురం - గుత్తి పట్టణాల నడుమ, 44వ జాతీయ రహదారిపై ఉన్న ఊరు. పూర్వం అద్దకానికీ, నేడు బట్టల వ్యాపారానికీ, కుట్టుపనికీ పేరున్నది. చుట్టుపక్కల పల్లెలకు వేరుశనగే ప్రధానాధారం. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తప్పిన ఏడు పంట తప్పుతుంది, పంట తప్పిన ఏడు బెంగళూరు దారి పట్టడం తప్పదు.

ఈ ఆర్థికస్థితికీ ప్రసూతి వైద్యానికీ దగ్గరి సంబంధం ఉన్నది. ఇంట్లో కూర్చుని ముక్కకింత చొప్పున కుట్టే స్త్రీకి గానీ, వేరుశనగ కాయలు ఒలిచే కూలికి గానీ ప్రసూతి సెలవు ఉండదు. ప్రసూతి ప్రయోజనాల చట్టం (1961) 2017 సవరణతో 26 వారాల వేతన సెలవును ఇచ్చింది. కానీ ఆ చట్టం నియమిత ఉద్యోగికి వర్తించిందే తప్ప, యజమాని ఎవరో తేల్చలేని పనిమనిషికి అందలేదు. ఆమెకు పని ఆగిన రోజు కూలి ఆగిన రోజే.

3. బీమా సూత్రం - కాన్పు స్వభావం:

బీమా ఎలా పనిచేస్తుందో ముందుగా చూడాలి. ఎవరికి ఎప్పుడు వస్తుందో తెలియని ఆపదకు, అందరూ కొద్దికొద్దిగా చెల్లించి ఒక నిధిని సమకూర్చుకొంటారు. ఆపద వచ్చిన కొద్దిమందికి ఆ నిధి ఆదుకొంటుంది. పేదలు తమ వాటా చెల్లించలేరు కనుక ప్రభుత్వం వారి తరఫున చెల్లిస్తుంది. ఇదే సబ్సిడీ బీమా.

ఈ సూత్రానికి గుండెజబ్బు సరిగ్గా ఒదుగుతుంది. కాన్పు అలా ఒదగదు. అది ఆకస్మికం కాదు, నెలలు లెక్కపెట్టి ఎదురుచూసే ఘటన. పెళ్ళయిన ప్రతి ఇంటా దాదాపుగా జరిగేది. అందరికీ వచ్చే ఖర్చును బీమాగా మలిస్తే, నిధిలో వేసినంతా తిరిగి తీయవలసి వస్తుంది. అందువల్లనే వ్యాపార బీమా సంస్థలు మామూలు కాన్పును చాలాకాలం పాలసీలకు వెలుపలే ఉంచాయి, లేదా కొన్నేళ్ళ నిరీక్షణ షరతు పెట్టాయి.

కానీ కాన్పులోనే మరొక పొర ఉన్నది. అధిక రక్తస్రావం, రక్తపోటు వల్ల వచ్చే గుర్రపువాతం, ఇన్‌ఫెక్షన్, బిడ్డ అడ్డం తిరగడం - ఇవి కొద్దిమందికే వస్తాయి, వచ్చేదాకా తెలియవు, వచ్చాక ఖర్చు విపరీతంగా ఉంటుంది. ఈ పొరకు బీమా సూత్రం చక్కగా వర్తిస్తుంది. కనుక ప్రసూతి వైద్యాన్ని ఒకే వస్తువుగా చూడక, తెలిసి వచ్చే ఖర్చు, తెలియక వచ్చే ఆపద అని రెండుగా విడదీసి చూడడం అవసరం.

4. ఆరోగ్యశ్రీ నుండి నేటివరకు:

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమయింది. మూడూ వలసకు పేరుపడిన జిల్లాలే. తెల్లరేషన్ కార్డే అర్హతాపత్రం. కుటుంబానికి ఏడాదికి రూ.1.5 లక్షలు, అవసరమైతే మరో రూ.50 వేల వరకు రక్షణ ఉండేది. తొలిదశలో ఒక బీమా సంస్థకు ప్రభుత్వం ప్రీమియం చెల్లించింది. తరువాత ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. పెద్ద శస్త్రచికిత్సలే దాని ప్రధానలక్ష్యం, మామూలు కాన్పు కాదు.

కేంద్రప్రభుత్వం 2008లో తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన మరో దారి తొక్కింది. రూ.30 నమోదు రుసుముతో కుటుంబానికి రూ.30 వేల రక్షణ ఇచ్చి, అందులో మామూలు కాన్పుకు రూ.2,500, సిజేరియన్‌కు రూ.4,500 చొప్పున ఆసుపత్రికి చెల్లించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం తన సొంత పథకంతోనే సాగింది.

మరి మామూలు కాన్పు సంగతి? దానిని బీమాకు వెలుపల, ప్రజావైద్యంలో భాగంగా చూశారు. 2005 ఏప్రిల్ 12న జననీ సురక్షా యోజన వచ్చింది. మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పుకు గ్రామీణ పేద స్త్రీకి రూ.700, పట్టణ స్త్రీకి రూ.600 ఇచ్చారు. అదే ఏడు ఆగస్టు 15న 108 వాహనం మొదలయింది. 2011 జూన్ 1న వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను వాహనం - అన్నింటినీ ఉచితం చేసింది. 2017 నుండి ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద తొలి కాన్పుకు రూ.5,000 అందుతున్నది. 2013 నాటి ఆహారభద్రతా చట్టం చెప్పిన కనీస మొత్తం రూ.6,000 అన్నది గమనింపదగినది.

ఈ రెండు దారులూ సమాంతరంగా నడవడం వల్లనే నేటి ఫలితాలు వచ్చాయి. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. మంత్రసాని చేతి కాన్పు దాదాపు చరిత్రలో కలిసిపోయింది.

5. బీమా కంటికి కనిపించని ఖర్చు:

ప్రసూతి మరణాలకు దారితీసే జాప్యాలను సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడుగా వివరించారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో జాప్యం మొదటిది. అక్కడికి చేరడంలో జాప్యం రెండవది. చేరిన తరువాత చికిత్స అందడంలో జాప్యం మూడవది. బీమా పనిచేసేది ఈ మూడవ మెట్టు దగ్గర మాత్రమే. ఆసుపత్రి గడప దాటిన తరువాతే ఆరోగ్యమిత్ర కనిపిస్తాడు, కార్డు పనికివస్తుంది.

పామిడి పక్కపల్లెలో ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. భార్య కుట్టుపని చేస్తుంది, భర్త కూలికి వెళతాడు. ఆమెకు రక్తం తక్కువగా ఉన్నదని ఏఎన్ఎం చెప్పింది. స్కానింగ్ కోసం అనంతపురం వెళ్ళాలి. ఆ రోజు ఆమె కూలి పోతుంది, తోడు వెళ్ళిన అత్తగారి కూలీ పోతుంది. బస్సు ఛార్జీ, మధ్యాహ్నం తిండి, ఆ రోజు వరుస రాకపోతే మరోసారి ప్రయాణం. వీటిలో ఒక్కటీ ఆసుపత్రి బిల్లులో ఉండదు. బిల్లులో లేనిదాన్ని బీమా చెల్లించదు. ఖర్చుకు జంకి ఆ కుటుంబం రెండవ స్కానింగ్ మానుకొంటే, ముందే తెలియవలసిన ప్రమాదం నొప్పుల రోజున తెలుస్తుంది.

రక్తహీనత ఇందుకు పెద్ద ఉదాహరణ. పై సర్వే ప్రకారమే రాష్ట్రంలో గర్భిణులలో 53.7 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కొద్దిపాటి స్రావం కూడా ప్రాణాంతకం కావచ్చు. దీనికి మందు ఐరన్ మాత్ర, ఆకుకూర, గుడ్డు, తగినంత విశ్రాంతి. ఇవేవీ బీమా ప్యాకేజీలు కావు.

ఈ లోటును కొంత గుర్తించిన ప్రయత్నం 2019 డిసెంబరులో వచ్చిన ఆరోగ్య ఆసరా. చికిత్స తరువాత విశ్రాంతి కాలానికి రోజుకు రూ.225 చొప్పున, నెలకు రూ.5,000 మించకుండా భృతి ఇచ్చింది. పోయిన కూలి కూడా వైద్యఖర్చేనని ఒక ప్రభుత్వ పథకం ఒప్పుకోవడం ఇందులోని విశేషం.

6. కత్తి వైపు మొగ్గు:

బీమాకు మరొక పార్శ్వం ఉన్నది. సిజేరియన్‌కు ఎక్కువ, మామూలు కాన్పుకు తక్కువ చెల్లిస్తే ఆసుపత్రి మొగ్గు ఎటు ఉంటుందో చెప్పనక్కరలేదు. రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌లే. ప్రభుత్వాసుపత్రులలో అది 26.6 శాతం కాగా, ప్రైవేటు ఆసుపత్రులలో 63 శాతం. దేశ సగటు 21.5 శాతమే. ప్రైవేటులో చాలామంది సొంతడబ్బే చెల్లిస్తారు కనుక ఈ నిందనంతా బీమామీద మోపలేము. ముహూర్తం చూసుకొని కోతకు సిద్ధపడే కుటుంబాలూ ఉన్నాయి. అయినా చెల్లింపు పద్ధతి ఆ మొగ్గును తగ్గించాలే గాని పెంచకూడదు.

ఈ చిక్కుకు గుజరాత్ ఒక ఉపాయం చేసింది. 2005లో మొదలైన చిరంజీవి యోజనలో ప్రైవేటు వైద్యులకు ప్రతి 100 కాన్పులకు కలిపి రూ.1,79,500 అని ఒకే మొత్తాన్ని నిర్ణయించింది. ఎన్ని కోతలు చేసినా మొత్తం మారదు. ఆ పథకం వల్ల ఆసుపత్రి కాన్పులు ఎంతమేరకు పెరిగాయన్నదానిపై పరిశోధకులలో భిన్నాభిప్రాయాలున్నాయి గాని, కోతకు ప్రోత్సాహం లేకుండా చెల్లించవచ్చునని మాత్రం అది చూపింది.

7. పుట్టింటి పురుడు - మెట్టినింటి కార్డు:

మన పథకాల రూపకల్పనలో తగినంత చోటు దక్కని విషయం పుట్టింటి పురుడు. రాయలసీమలోనే కాదు, తెలుగునాట అంతటా తొలికాన్పు పుట్టింట జరగడం ఆచారం. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో అమ్మాయి తల్లిగారింటికి వెళుతుంది, బాలింతగా కొన్ని నెలలు అక్కడే ఉంటుంది. తల్లి చేతి తిండి, విశ్రాంతి, ధైర్యం - ఈ మూడూ ఆ ఆచారంలోని ఆరోగ్యసూత్రాలు.

కానీ బీమాకు ఆధారం కుటుంబపు కార్డు. పెళ్ళయిన కొత్తలో ఆమె పేరు పుట్టింటి కార్డులో తొలగిపోయి మెట్టినింటి కార్డులో ఇంకా చేరకపోవచ్చు. అంటే సరిగ్గా తొలికాన్పు సమయంలోనే ఆమె ఏ కుటుంబానికీ చెందని మనిషిగా కాగితంమీద మిగిలిపోయే అవకాశం ఉన్నది. ఒక ఊరి ఏఎన్ఎం దగ్గర మొదలైన పరీక్షల వివరాలు మరో ఊరికి చేరాలి. సరిహద్దు జిల్లా కావడంతో బళ్ళారి వైపు సంబంధాలు, బెంగళూరు వలసలు ఈ చిక్కును రాష్ట్రం దాటిస్తాయి.

ఘనా దేశం 2008 జులైలో గర్భిణులందరికీ జాతీయ బీమాలో ప్రీమియం మినహాయించింది. అక్కడ అర్హతకు గుర్తు గర్భిణి కావడమే. మన దగ్గర గుర్తు కార్డు. ఈ తేడా చిన్నది కాదు.

8. పథకాల భాష:

భాషాధ్యయనం చేసేవారు పట్టించుకోవలసిన అంశం ఒకటి ఇందులో ఉన్నది. 'ఉచితం' అన్న మాట దయను సూచిస్తుంది. దయగా ఇచ్చినదాన్ని పేదవారు నిలదీసి అడగలేరు. 'బీమా' అన్న మాటలో ఒప్పందం ఉన్నది. తన పేరున ప్రీమియం కట్టారని తెలిసిన స్త్రీ, రక్తానికో మందుకో డబ్బడిగినచోట 'ఎందుకు?' అనగలదు. కానీ ఆ ఒప్పందపు షరతులు ఆమెకు అర్థమయ్యే తెలుగులో చేరాలి. 'ప్రసవానంతర సంక్లిష్టతలు' అన్న సమాసంకన్నా 'కాన్పయ్యాక రక్తం ఆగకపోతే' అన్న వాక్యం ఒక ప్రాణాన్ని త్వరగా ఆసుపత్రికి చేర్చగలదు.

9. ముగింపు:

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రూ.2.5 లక్షల వరకు బీమాసంస్థల ద్వారా, ఆపైన రూ.25 లక్షల వరకు ట్రస్టు ద్వారా చికిత్స అందించే విధానానికి ఆమోదం తెలిపింది. బీమాపద్ధతి మళ్ళీ చర్చకు వచ్చిన ఈ సమయంలో పై పరిశీలన నుండి కొన్ని ప్రతిపాదనలు తేలుతున్నాయి.

అ) మామూలు కాన్పు ప్రజావైద్యంగానే కొనసాగాలి. బీమా ప్రధానంగా ప్రమాదకరమైన కాన్పులకూ, తల్లీబిడ్డల అత్యవసర చికిత్సకూ పూర్తి రక్షణ ఇవ్వాలి.

ఆ) ప్రైవేటు ఆసుపత్రులకు కాన్పు ఏ రీతిలో జరిగినా ఒకే సగటు మొత్తం చెల్లించాలి. నిజంగా ప్రమాదమున్నవారిని తిప్పిపంపకుండా ఆ కేసులకు వేరే నిధి ఉండాలి.

ఇ) గర్భిణిగా నమోదైన నాటి మాతా శిశు సంరక్షణ కార్డే పుట్టింటా మెట్టినింటా బీమాకు అర్హతాపత్రం కావాలి.

ఈ) కూలి నష్టానికి భృతి కాన్పు తరువాతే గాక, పరీక్షలకు వెళ్ళే రోజులకూ అందాలి.

బీమా ఆసుపత్రి గడప దగ్గర మొదలవుతుంది. పేదింటి కాన్పు ఖర్చు మాత్రం వేవిళ్ళనాడే మొదలవుతుంది. ఈ రెంటి మధ్యనున్న ఎడాన్ని ఎవరు భరించాలన్నది తేలనంతవరకు, పెన్నా ఒడ్డున కుట్టుమిషను ముందు కూర్చున్న చూలాలికి బీమాకార్డు సగం ధైర్యాన్నే ఇస్తుంది. మిగతా సగాన్ని సమకూర్చడం ప్రజావైద్యం బాధ్యత.