ఇంటిపేరు అడిగిన తర్వాత

నిరుడు వానాకాలంలో మా నాన్న 11 రోజులు హైదరాబాదులోని ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్నారు. న్యుమోనియా ముదిరి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. 74 ఏళ్ల మనిషి, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి విరమణ పొందినవారు, మాదిగ. ఆయన ప్రాణం నిలబెట్టింది అక్కడి క్రిటికల్ కేర్ డాక్టరే. ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత రాయబోయేది కొందరికి కృతఘ్నతగా తోచవచ్చు.

రెండో రాత్రి నన్ను సంతకం కోసం లోపలికి పిలిచినప్పుడు వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు 94 చూపుతోంది. డాక్టరు దాన్ని నమ్మలేదు. నల్లటి చర్మం మీద ఈ యంత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చూపే ప్రమాదముందని నర్సుకు చెప్పి, ధమని నుంచి రక్తం తీయించారు. నిజం 86. వెంటనే మాస్కు బిగించి యంత్రంతో శ్వాస అందించారు.

ఆయన అన్నది ఊహ కాదు. అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని లెక్కలతో చూపింది. యంత్రం 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం. పరికరానికీ పక్షపాతం ఉంటుందని గుర్తించి సరిదిద్దుకునే వైద్యుడు దొరకడం మా అదృష్టం.

అదే వైద్యుడు మా నాన్నను 'నువ్వు' అనేవారు. 'ఏం పెద్దాయనా, మళ్లీ మాస్కు తీశావా?' కోపంగా కాదు, చనువుగానే. పల్లెలో మనవడు తాతను నువ్వనడం వేరు. అక్కడ తాత కూడా మనవణ్ని నువ్వంటాడు. పక్క బెడ్డులో నాన్న ఈడు రైతు ఒకాయన ఉన్నారు. ఆయనదీ ఆరోగ్యశ్రీ కార్డే, అదే ఆకుపచ్చ గౌను, అదే ఎండకు కాలిన ఒళ్లు. మొదటి రౌండులో ఇద్దరినీ ఊరూ ఇంటిపేరూ అడిగారు. ఆయనది ఆధిపత్య కులపు ఇంటిపేరు. అక్కడి నుంచి ఆయన 'మీరు', మా నాన్న 'నువ్వు'. ఇది వర్గం తేడా తప్ప కులం కాదని వాదించే నా వామపక్ష మిత్రుడికి ఆ రెండు గౌన్లే నా జవాబు.

నాలుగో రోజు ఏదో ఫారంలో నా ఉద్యోగం రాశాను. డాక్టరు గదిలో కుర్చీ వచ్చింది. కూర్చున్నాను, నాన్న ఊపిరి ఆయన చేతుల్లో ఉంది. అప్పటిదాకా 'సీరియస్, చూద్దాం' అన్న రెండు మాటలే విన్న నాకు ఆ రోజు ఎక్స్‌రే చూపిస్తూ ఊపిరితిత్తుల పరిస్థితి, ట్యూబు వేస్తే లాభం, వేయకపోతే ప్రమాదం, నేను ఇంతకుముందు పెట్టిన సంతకానికి అర్థం అన్నీ వివరించారు. నా వెనకే గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక కూలి తల్లికి మాత్రం 'ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా' అనడంతో సరిపోయింది. చికిత్స ఏమిటో, దాని ప్రమాదాలేమిటో, ప్రత్యామ్నాయాలేమిటో చెప్పకుండా తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో 2008లోనే తేల్చింది. ఐసీయూ గుమ్మం దగ్గర 'మీరు' అనేది మర్యాద మాత్రమే కాదు, అవతలివాళ్లకు ఎంత చెప్పాలో నిర్ణయించే కొలత.

కాఠియావాడ్‌లో 1929లో ఒక దళిత ఉపాధ్యాయుడి బాలింత భార్యను చూడటానికి వచ్చిన డాక్టరు ఆమెను ముట్టలేదు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకు, భర్త ఆమెకు అందించాడు. ఆమె బతకలేదు. అంబేడ్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ ఉదంతాన్ని చేర్చారు. మా డాక్టరు నాన్న నాడి పట్టుకున్నారు, కఫం తుడిచారు. ఆ దూరం తక్కువదని నేను అనను. థర్మామీటరు చేతులు మారడం మానింది. సమాచారం ఇంకా మానలేదు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, సంభాషణలను ప్రత్యేకంగా బోధిస్తున్నారు. తెలుగు నేల మీద ఆ తరగతి మొదలు కావలసింది ఈ రెండు సర్వనామాల దగ్గర. యంత్రం తప్పును పట్టుకోగలిగిన బుద్ధికి ఇది కష్టమైన పాఠమేమీ కాదు.

ఇంటికి వస్తుంటే కారులో నాన్న అన్నారు: 'మంచోడే రా ఆ డాక్టరు. నాలుగో దినం కెల్లి నన్ను గూడ మీరు అన్నడు. నీ కొలువు సంగతి చెప్పినవా?'

చెప్పానన్నాను.

కాసేపాగి అడిగారు: 'పక్కాయన కొడుకు ఏం జదివిండట?'

పది తప్పి ట్రాక్టరు నడుపుతున్నాడని చెప్పాను.