చక్రం తిప్పే చిన్న డబ్బా

రిమోట్ కారు ముందుకీ వెనక్కీ బాగానే ఉరుకుతుంది. కుడికి తిప్పమంటే మాత్రం గుర్రుమంటుంది తప్ప తిరగదు. కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల వైపు అపార్టుమెంట్ల సెల్లార్లలో ఆదివారం మధ్యాహ్నం కాసేపు నిలబడితే ఇలాంటి కారు ఒకటైనా కనబడకపోదు. పిల్లర్‌కి గుద్దుకుని తెచ్చుకున్న జబ్బు అది. పిల్లాడు ఏడుపు మొహం పెడతాడు. తండ్రి కారు తిరగేసి చూసి, చక్రాలను పక్కకు తిప్పే సర్వో పోయిందని తేల్చి, ఫోన్‌లో వెతకడం మొదలుపెడతాడు. తెర మీద వందల నుంచి వేల రూపాయల దాకా సర్వోలు బారులు తీరతాయి. అన్నిట్లోకీ బలం అంకె పెద్దగా ఉన్నదాన్ని చూసి ఆర్డరు పెట్టేస్తాడు. తీరా వచ్చాక అది కారులో పట్టదు. ఎలాగో చెక్కి, ఇరికించి బిగిస్తే, చక్రం తిప్పిన ప్రతిసారీ కారే ఆగిపోతుంది.

ఈ బేరం పాత సర్వో దగ్గర మొదలుపెట్టాలి. అది ఎందుకు పోయిందో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది.

చిన్న కార్లలో వాడే సర్వో పొడవు దాదాపు 23 మిల్లీమీటర్లు, మందం 12. ఆ కాస్త డబ్బాలోనే ఒక మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే పళ్ల చక్రాలు, బయటికొచ్చే ఇరుసు ఏ కోణంలో ఉందో కనిపెట్టే పొటెన్షియోమీటరు, వీటన్నిటినీ నడిపే చిన్న సర్క్యూటు ఉంటాయి. రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవరు సర్వోకి సెకనుకు 50 సార్లు ఒక పల్స్ పంపుతుంది. అది 1.5 మిల్లీసెకన్లు ఉంటే చక్రాలు తిన్నగా ఉంటాయి. 1 వైపు తగ్గితే ఒక పక్కకు, 2 వైపు పెరిగితే రెండో పక్కకు తిరుగుతాయి. ఇరుసు చెప్పిన కోణానికి చేరేదాకా సర్క్యూటు మోటారును వదిలిపెట్టదు. ఈ ఆలోచన బొమ్మలకంటే చాలా పాతది. ఫ్రెంచి ఇంజనీరు జోసెఫ్ ఫార్కో 1873లో ఆవిరి ఓడల చుక్కాని తిప్పే యంత్రాంగం గురించి రాస్తూ సర్వోమోటార్ అన్న పేరు పెట్టాడు. అంటే సర్వో పుట్టిందే స్టీరింగ్ కోసం. తమియా కంపెనీ తన తొలి రేడియో కంట్రోల్ కారు పోర్షే 934ను 1976లో అమ్మకానికి తెచ్చేనాటికి ఆ ఆలోచనకు వందేళ్లు దాటాయి.

చెప్పిన కోణం చేరేదాకా వదలని ఆ మొండితనమే సర్వో ప్రాణం తీస్తుంది కూడా. చక్రం ఎక్కడో పట్టేసిందనుకోండి. మోటారు తోస్తూనే ఉంటుంది, కరెంటు పీలుస్తూనే ఉంటుంది, చివరికి కాలిపోతుంది. కాబట్టి ముందు సర్వోకీ చక్రాలకీ మధ్య ఉన్న కడ్డీని ఊడదీసి, చక్రాలను చేత్తో తిప్పి చూడాలి. బిగుతుగా ఉంటే దోషం అక్కడే ఉంది. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు కట్టడాల దుమ్ము ఎంత ఉంటుందో అక్కడుండేవారికి చెప్పక్కర్లేదు. ఆ దుమ్మూ, కార్పెట్ నూలూ, వెంట్రుకలూ కలిసి చక్రాల కీళ్లలో ముద్ద కడతాయి. దాన్ని శుభ్రం చేయకుండా ఎంత ఖరీదైన సర్వో పెట్టినా అదీ అదే దారి పడుతుంది.

చక్రాలు తేలిగ్గా తిరుగుతుంటే అప్పుడు సర్వోని అనుమానించవచ్చు. మోటారు చప్పుడు వస్తూ ఇరుసు కదలకపోతే లోపల పళ్లు రాలాయని అర్థం. ఒకే చోట వణుకుతుంటే పొటెన్షియోమీటరు అరిగింది. ఉలుకూ పలుకూ లేకపోతే మాత్రం తొందరపడకూడదు. బ్యాటరీ నిండా చార్జి చేసి, పనిచేస్తుందని తెలిసిన ఇంకో సర్వోని రిసీవరులో స్టీరింగ్ చానల్‌కి తగిలించి చూడాలి. అదీ కదలకపోతే పోయింది రిసీవరో, దానికి కరెంటు ఇచ్చే భాగమో.

కారు విప్పినప్పుడు సర్వో వైర్లు లెక్కపెట్టడం మరవకూడదు. మామూలు సర్వోకి మూడు వైర్లు: ఎరుపు ప్లస్సు, నలుపు లేదా గోధుమ రంగు మైనస్సు, తెలుపో పసుపో నారింజో సిగ్నలు. చవక బొమ్మ కార్లలో కొన్నిటికి అయిదు వైర్లుంటాయి. అలాంటి సర్వోలో సర్క్యూటు ఉండదు, ఆ పని కారు ప్రధాన బోర్డు చేస్తుంది. రెండు వైర్లు మోటారుకు, మూడు పొటెన్షియోమీటరుకు పోతాయి. దాని స్థానంలో మూడు వైర్ల సర్వో తగిలిస్తే పనిచేయదు. అదే రకం అయిదు వైర్ల సర్వో వెతకాలి, లేదా రిసీవరు, మోటారు కంట్రోలరు కూడా మార్చాలి. బొమ్మ ఖరీదు చూసుకుంటే ఈ రెండో దారి చాలాసార్లు గిట్టదు.

ఇంకో ఉచ్చు ఉంది. బాగా అమ్ముడయ్యే ఎస్‌జీ90 లాంటి సర్వోలు పైకి ఒకేలా ఉండి రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి 180 డిగ్రీల్లో తిరిగి చెప్పిన కోణంలో నిలబడేది. రెండోది 360 డిగ్రీలు ఆగకుండా తిరిగే రకం. అది రోబో చక్రాలకు పనికొస్తుంది గాని స్టీరింగ్‌కి పెడితే పనికిరాదు, ఎందుకంటే తన కోణం ఎంతో దానికి తెలియదు.

కొలతలు కుదరాలన్నది అందరికీ తోస్తుంది. ఇరుసు పళ్ల సంగతే తోచదు. స్టాండర్డ్ సైజు సర్వోల్లో ఫుటాబా ఇరుసుకు 25 పళ్లు, హైటెక్‌కు 24, సాన్వా, జేఆర్‌లకు 23. ఈ హైటెక్ కొరియా కంపెనీ, మన హైటెక్ సిటీతో దానికి చుట్టరికమేమీ లేదు. ఒక కంపెనీ హార్న్, అంటే ఇరుసు మీద బిగించే చిన్న చేయి, ఇంకోదానికి ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే నాలుగు మలుపుల్లోనే జారుతుంది. దుకాణానికి పోయేటప్పుడు పాత హార్న్ జేబులో వేసుకుపోవడం మేలు.

ఇక అసలు పేచీ టార్క్‌తో, అంటే తిప్పే బలంతో. దాన్ని కిలో-సెంటీమీటర్లలో చెబుతారు. 2 కిలో-సెంటీమీటర్ల సర్వో అంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 2 కిలోల బరువును ఆపగలదని, రెండు సెంటీమీటర్ల దూరంలో అయితే కిలో మాత్రమేనని లెక్క. ఎస్‌జీ90కి దాని తయారీ కంపెనీ టవర్‌ప్రో చెప్పే టార్క్ 4.8 వోల్టుల దగ్గర 1.8. దాదాపు అదే సైజులో లోహపు పళ్లతో వచ్చే ఎంజీ90ఎస్‌కి 6 వోల్టుల దగ్గర 2.2. పెద్ద సైజు ఎంజీ996ఆర్‌కి 6 వోల్టుల దగ్గర ఏకంగా 11. తండ్రిగారు మనసు పారేసుకునేది ఈ 11 దగ్గరే. కానీ అవన్నీ సర్వో ఇక కదలలేక ఆగిపోయే చోటి అంకెలు. అక్కడ ఎంజీ996ఆర్ దాదాపు 2.5 ఆంపియర్లు లాగుతుంది. చిన్న కార్లలో రిసీవరుకీ సర్వోకీ కరెంటు ఇచ్చే బీఈసీ అనే భాగం చాలావాటిలో ఒకటి రెండు ఆంపియర్లకు మించి ఇవ్వలేదు. ఏసీ వేయగానే ఇంట్లో బల్బులు మసకబారినట్టు వోల్టేజి పడిపోతుంది, రిసీవరు ఆగి మళ్లీ మొదలవుతుంది. మలుపు తిప్పినప్పుడల్లా కారు నిలిచిపోయిన రహస్యం ఇదే. బీఈసీ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో కారు కాగితాల్లో చూసి, ఆ హద్దులో సర్వో ఎంచుకోవాలి. 7.4 లేదా 8.4 వోల్టులకు చేసిన హైవోల్టేజి సర్వోని 5 వోల్టుల మీద నడిపితే డబ్బా మీద అచ్చేసిన బలం రాదు. 6 వోల్టుల సర్వోని నేరుగా 8.4 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే పొగ వస్తుంది.

వేగాన్ని 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సెకన్లలో కొలుస్తారు. అంకె ఎంత తగ్గితే అంత చురుకు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 8.3 మీటర్లు పోతుంది. 0.2 సెకన్ల సర్వో 60 డిగ్రీలు తిరిగేలోగా కారు 1.6 మీటర్లకు పైగా దూసుకుపోతుంది, 0.1 సెకన్లదైతే అందులో సగం. సెల్లార్ పిల్లర్ల మధ్య పందేలు కట్టేవారికి టార్క్ కంటే ఈ తేడాయే ముఖ్యం. ఖాజాగూడ గుట్టల మీద కారును నెమ్మదిగా రాళ్లెక్కించే సరదా ఉంటే లెక్క తిరగబడుతుంది. రెండు గ్రానైటు బండల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని పక్కకు తోయాలంటే బలం కావాలి, వేగంతో పనిలేదు. డిజిటల్ సర్వో మోటారును ఎక్కువసార్లు సవరిస్తూ తిన్నగా పట్టి ఉంచుతుంది గాని కరెంటు ఎక్కువ తింటుంది. పిల్లల కారుకు అనలాగ్ చాలు.

పళ్లు ప్లాస్టిక్‌వా, లోహానివా? లోహమే మంచిదని వెంటనే అనాలనిపిస్తుంది. అయితే చక్రానికి తగిలిన దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే. చాలా కార్లలో దాన్ని మింగడానికి సర్వో సేవర్ అనే స్ప్రింగు ముక్క ఉంటుంది. అది బాగుంటే లోహపు పళ్లకు మారవచ్చు. అది లేని చవక కారులో వందా నూట యాభై రూపాయల ప్లాస్టిక్ సర్వో పళ్లు రాలడమే లాభం. లేకపోతే దెబ్బ చాసిస్‌ను విరుస్తుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక రోడ్డు గుంటల్లో కారు నడిపేవారు మాత్రం కాస్త ఎక్కువ పెట్టి నీరు చొరని రకం తీసుకోవాలి.

ఆన్‌లైన్ సంగతి అందరికీ తెలిసిందే. చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే కోఠి గుజరాతీ గల్లీకి పోవాలి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగవచ్చు. నకిలీలకు ఒక సులువైన పరీక్ష ఉంది. ఎంజీ90ఎస్ 13.4 గ్రాములు తూగాలి, ఎస్‌జీ90 బరువు 9 గ్రాములే. లోహపు పళ్లని చెప్పి అంటగట్టినది తొమ్మిదీ పదీ మధ్య తూగితే లోపల ఉన్నది ప్లాస్టిక్కే. రిపేరుకు బదులు కొత్త కారు కొనేద్దామంటే, విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఆ లెక్కన సర్వో మార్చుకోవడమే చవక. సర్వో సైజు కాస్త తేడాగా ఉంటే పట్టీ ఒకటి త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు. ప్రోటోటైపుల తయారీ కోసమే రాయదుర్గంలో 2023 మార్చి 2న టీ-వర్క్స్ తెరుచుకుంది. బొమ్మ కారు పట్టీకి అంత పెద్ద కేంద్రం దాకా పోవాలా అంటే అక్కర్లేదు, త్రీడీ ప్రింటరున్న మిత్రుడు ఒకడుంటే చాలు.

కొత్త సర్వో బిగించేటప్పుడు దాని మధ్య, చివరలు సరిచూసుకోవాలి. పెద్ద కంపెనీల కార్లలోనూ ఇదే పద్ధతి. నానక్‌రామ్‌గూడలో 2019లో తన అతిపెద్ద క్యాంపస్ తెరిచిన అమెజాన్, అంతకు ముందు ఏడాది డీప్‌రేసర్ అనే 1/18 సైజు కారును ప్రకటించింది. అది మనిషి చేయి లేకుండా కెమెరాతో చూస్తూ తనంతట తానే నడుస్తుంది. దాన్ని ట్రాక్ మీద వదిలే ముందు స్టీరింగ్‌కి మధ్య, కుడి చివర, ఎడమ చివర సరిచూసుకోవాలి, లేకపోతే ఎంత తెలివైన ప్రోగ్రామైనా గోడకే గుద్దుకుంటుంది. పిల్లాడి కారులోనూ అంతే. ముందు రిమోట్‌లో చక్రాల మధ్య స్థానాన్ని సవరించే ట్రిమ్‌ను సున్నాకి తెచ్చి, సర్వోకి కరెంటు ఇచ్చి, అది మధ్యకు వచ్చి ఆగాకే హార్న్‌ను కడ్డీకి లంబంగా బిగించాలి. తర్వాత చివరిదాకా తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వినాలి. సర్వో మూలుగుతుంటే చక్రం ఆగినా అది ఇంకా తోస్తోందన్నమాట. రిమోట్‌లో ఎండ్‌పాయింట్ సవరింపు, అంటే సర్వో ఎంతవరకు తిరగాలో నిర్ణయించే వీలు, ఉంటే ఆ చప్పుడు ఆగేదాకా తగ్గించాలి. పది నిమిషాలు నడిపి డబ్బాను వేలితో తాకి చూడాలి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ముట్టుకోలేనంత కాలుతుంటే ఎండ్‌పాయింట్ ఇంకా తగ్గాలి, లేదా చక్రాల కీళ్లు మళ్లీ ఒకసారి విప్పి చూడాలి.