ఊరు కదిలినా కదలని కుర్చీ!

మద్రాసు కోటలోని ‘స్థానిక స్వపరిపాలన’ మంత్రి నుంచి వెలగపూడి సచివాలయంలోని పంచాయతీరాజ్ మంత్రి దాకా... ఓ పదవి కథ ఇది.

వీధి కొళాయిలో నీళ్లు రాకపోతే కార్పొరేటరును నిలదీస్తాం. పల్లెలో అయితే సర్పంచి ఇంటికెళతాం. వాళ్ల పైన ఎవరంటే ‘మంత్రిగారు’ అని టక్కున చెప్పేస్తాం. ఆ మంత్రిగారు ఎప్పుడొచ్చారు?

బెజవాడ మున్సిపాలిటీ ఏర్పడింది 1888లో. అప్పటికి మంత్రి అన్న మాటే లేదు. ఇక్కడ కలెక్టరు దొర, అక్కడ మద్రాసులో గవర్నరు... అంతే. 1919 చట్టంతో తెల్లవాళ్లు పాలనను రెండు ముక్కలు చేశారు. ఖజానా, పోలీసు, రెవెన్యూ గవర్నరు దగ్గరే ఉంచుకుని చదువులు, ఆసుపత్రులు, స్థానిక సంస్థల్లాంటివి మన మంత్రులకు వదిలేశారు. డెల్టా రైతుకు ప్రాణమైన కాలువ నీళ్లు కూడా గవర్నరు వాటాలోనే ఉండిపోయాయి. ఊరి బావి మంత్రిది, ఊరి పక్క కాలువ గవర్నరుది!

1920 డిసెంబరులో మద్రాసులో తొలి మంత్రివర్గం ఏర్పడింది. ముగ్గురు మంత్రుల్లో స్థానిక స్వపరిపాలన దక్కింది శ్రీకాళహస్తిలో పుట్టిన పానుగంటి రామారాయణింగారికి. తర్వాత పానగల్ రాజాగా పేరుపడ్డది ఈయనే. 1921 జులైలో ప్రధానమంత్రి అయ్యాక కూడా (అప్పట్లో రాష్ట్రంలో మొదటి మంత్రిని అలాగే అనేవారు) ఆ శాఖను వదల్లేదు. ఆయనే కాదు, 1930లో వచ్చిన మునుస్వామి నాయుడు, 1932లో వచ్చిన బొబ్బిలి రాజా కూడా దాన్ని తమ దగ్గరే పెట్టుకున్నారు. డబ్బు లేని శాఖ మీద అంత మోజెందుకు?

కిటుకంతా సంతకంలో ఉంది. జిల్లా, తాలూకా బోర్డుల్లో, మున్సిపాలిటీల్లో కొందరు సభ్యుల్ని ప్రభుత్వమే నామినేట్ చేసేది. చాలాచోట్ల అధ్యక్షుణ్నీ నియమించేది. మాట వినని బోర్డును రద్దు చేయొచ్చు. జిల్లాలో ఎవరు పెద్దమనిషి, ఎవరు కాదు అన్నది మంత్రి కలం తేల్చేది. అందుకే బెజవాడ మీదుగా వెళ్లే మద్రాసు రైళ్లకు డెల్టా పెద్దల తాకిడి ఉండేదంటే నమ్మొచ్చు.

చీరాల మొండిపట్టు

ఆ కలం పదునెంతో చవిచూసింది చీరాల. కృష్ణా పశ్చిమ డెల్టా చిట్టచివర, నేతగాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు. అప్పటిదాకా పేరాలతో కలిపి యూనియన్‌గా ఉన్న ఊరిని ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4 వేల రూపాయలుండే పన్ను ఒక్కసారిగా 40 వేలకు ఎగబాకింది. మాకొద్దు మొర్రో అన్నారు జనం. వినతిపత్రాలు మద్రాసు చేరాయి. కొత్త మంత్రి మాత్రం మున్సిపాలిటీని రద్దు చేయలేదు. విచిత్రం చూడండి... స్వపరిపాలన పేరు పెట్టుకున్న శాఖ, తమ ఊరు ఎలా ఉండాలో చెప్పిన జనం మాటే వినలేదు!

ఉద్యమానికి ముందు నిలిచింది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు బిడ్డ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పన్ను కట్టనివాళ్లను జైలుకు పంపారు, వాళ్లలో ఓ మహిళా ఉంది. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు వచ్చిన గాంధీజీ, ఏప్రిల్ 6న చీరాల వెళ్లారు. అహింస తప్పకుండా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే ఖాళీ చేసి మున్సిపాలిటీ హద్దు దాటిపోవడం మరో దారి అని చెప్పారు.

జనం రెండో దారే పట్టారు. సుమారు 15 వేల జనాభాలో అత్యధికులు ఇళ్లకు తాళాలేసి, హద్దు అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టారు. ఎండాకాలం గడిచింది, వానలొచ్చాయి... పిల్లాపాపలతో దాదాపు 11 నెలలు అక్కడే. దుగ్గిరాలను అరెస్టు చేసి ఏడాది జైలుకు పంపారు. నాయకుడు లేక, చేతిలో డబ్బు ఆడక చివరకు జనం తిరిగి ఇళ్లకు చేరారు. మద్రాసు కుర్చీలో మాత్రం మంత్రి 1926 దాకా అలాగే ఉన్నారు. ఆలయాల నిర్వహణను చట్టం కిందికి తెచ్చిన సంస్కర్తగా పానగల్ రాజాకు మంచి పేరే ఉంది. చీరాల దగ్గర మాత్రం ఆయన పట్టు సమర్థించుకోలేనిదే.

కత్తెరలు పడ్డాయి... కానీ

1937లో రాజాజీ మంత్రివర్గంలో ఈ శాఖ బెజవాడ గోపాలరెడ్డికి దక్కింది. అప్పటికి ఆయనకు ఇంకా 30 ఏళ్లు నిండలేదు. (ఇంటిపేరే బెజవాడ, మనిషిది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం!) స్వాతంత్య్రం వచ్చింది, రాష్ట్రాలు మారాయి. డెల్టా జనం మంత్రిని కలవాలంటే మద్రాసు బదులు 1953 నుంచి కర్నూలుకు, 1956 నుంచి హైదరాబాదుకు వెళ్లాల్సొచ్చింది.

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. జిల్లా బోర్డులు పోయి సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. నామినేషన్ల జోరు తగ్గింది. అయితే ఏలినవారి చేతిలో ఇంకో ఆయుధం మిగిలింది. అదే వాయిదా! 1970లో పంచాయతీ ఎన్నికలు జరిగితే మళ్లీ జరిగింది 1981లో. మధ్యలో పదకొండేళ్లు!

విజయవాడ కార్పొరేషన్ అయింది ఆ 1981లోనే. తొలి మేయరు సీపీఐ నాయకుడు టి.వెంకటేశ్వరరావు. హైదరాబాదులో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. ఎన్టీఆర్ వచ్చాక సమితుల స్థానంలో మండలాలు వచ్చి, 1987లో మండలాధ్యక్షుల్నీ జడ్పీ ఛైర్మన్లనూ జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టంతో ఆ ముచ్చటా తీరిపోయింది. మళ్లీ పరోక్ష పద్ధతే.

వాయిదాల రోగానికి 1993లో రాజ్యాంగమే మందు వేసింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి. జరిపేది ప్రత్యేక ఎన్నికల సంఘం. మరి మన దగ్గర? పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. ప్రత్యేకాధికారులొచ్చారు. ఎన్నికలు ఎప్పుడు పెట్టాలన్న పేచీ సుప్రీంకోర్టు గడప తొక్కింది. చివరికి 2021 ఫిబ్రవరిలో గానీ ఓటు పడలేదు. రెండున్నరేళ్లు సర్పంచి లేని ఊళ్లు!

ఒకప్పుడు ఒక్క మంత్రి చూసిన పనిని ఇప్పుడు ఇద్దరు పంచుకుంటున్నారు. పల్లెలు పంచాయతీరాజ్‌కి, పట్టణాలు మున్సిపల్ శాఖకు. 2024 జూన్‌లో పంచాయతీరాజ్ పగ్గాలు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌కి దక్కాయి. ఆ ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టించారు. సచివాలయం వెలగపూడికి చేరాక బెజవాడవాళ్లకు మంత్రి పేషీ కృష్ణ దాటితే చాలు.

దూరం తగ్గినా హద్దులు గీసే అధికారం ఇంకా పైవాళ్లదే. విజయవాడను ఆనుకుని ఉన్న కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప పంచాయతీలను 2020 చివర్లో కలిపి మున్సిపాలిటీ చేశారు. నిన్నటిదాకా సర్పంచి గడప తొక్కినవాళ్లు ఆ తెల్లారి నుంచి మున్సిపల్ కమిషనర్ ఆఫీసు ఎక్కడో వెతుక్కున్నారు.