కలప బయోమాస్ విద్యుత్తు: ఆంధ్రప్రదేశ్ విధానంలో కట్టె ధర సమస్య

సౌర, పవన, జల విద్యుత్ కేంద్రాలు ఇంధనం కొనవలసిన అవసరం లేదు. కలప బయోమాస్‌కు ఆ వెసులుబాటు లేదు. కట్టెను ఎవరో పెంచాలి, మరొకరు నరకాలి, తూకం వేసి లారీకెత్తాలి, తడవకుండా నిల్వ చేయాలి. ఈ నాలుగు వనరులనూ పునరుత్పాదకమనే ఒకే పేరుతో ఒకే జాబితాలో చేర్చిన ప్రభుత్వ విధానం విద్యుత్తు ధర మీద చూపిన శ్రద్ధను కట్టె ధర మీద చూపలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయోమాస్ కేంద్రాల చరిత్రను పరిశీలిస్తే ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది.

సంప్రదాయేతర విద్యుత్తును యూనిట్ 2.25 రూపాయలకు కొనాలని, ఆ ధరను ఏటా 5 శాతం పెంచాలని కేంద్ర ప్రభుత్వం 1994-95లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 1997 నవంబరులో తన ప్రోత్సాహక ఉత్తర్వులు వెలువరించింది. 2001లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 1994-95నే ఆధార సంవత్సరంగా గుర్తించి, ఉత్పత్తి అయిన విద్యుత్తునంతా ట్రాన్స్‌కోకే అమ్మాలని ఆదేశించింది. ధర ఏటేటా పెరుగుతుందన్న భరోసాతో పలు జిల్లాల్లో చిన్న కేంద్రాలు వెలిశాయి. వాటిలో చాలావాటి సామర్థ్యం 6 మెగావాట్లే. వరి ఊక, వేరుశనగ పొట్టు, పత్తి కట్టెతో పాటు సర్కారు తుమ్మ వాటికి ముఖ్య ఇంధనమైంది.

2004 మార్చిలో మండలి ఈ పద్ధతిని మార్చి, ధరను స్థిర వ్యయం, చర వ్యయం అని రెండు భాగాలు చేసింది. స్థిర వ్యయాన్ని మొదటి సంవత్సరానికి యూనిట్‌కు 1.61 రూపాయలుగా, 2004-05లో చర వ్యయాన్ని 1.27 రూపాయలుగా నిర్ణయించింది. రెండూ కలిపితే 2.88 రూపాయలు. పాత లెక్క ప్రకారం అప్పటికే ధర దాదాపు మూడున్నర రూపాయలకు చేరింది. వివాదం ఇక్కడే మొదలైంది. 2006లో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ధరను సమీక్షించే అధికారం మండలికి ఉందని 2010 జులైలో సుప్రీంకోర్టు తేల్చి, అంశాన్ని తిరిగి మండలికే పంపింది. న్యాయస్థానాల్లో ఆరేళ్లు గడిచాయి గాని, ఈ వ్యవహారంలో కట్టె అమ్మే రైతు ఏ పక్షంలోనూ లేడు.

వ్యవసాయ శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయం ఆ 1.27 రూపాయల వెనుక ఉన్న లెక్క. టన్ను ఇంధనం ధర 1,000 రూపాయలు. ఒక యూనిట్ ఉత్పత్తికి 1.16 కిలోల ఇంధనం. కేంద్రం సొంత వాడకం పోను మిగిలిన విద్యుత్తుకే చెల్లింపు. కిలోకు సుమారు 3,200 కిలోకేలరీల ఉష్ణం లభిస్తుందన్నది ఈ లెక్కకు ఆధారం. పూర్తిగా ఎండిన కలపలో సుమారు 4,500 కిలోకేలరీలు ఉంటాయి. అందువల్ల 3,200 అంటే కట్టెలో తేమ 30 శాతం లోపే ఉండాలని అర్థం. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే. అటువంటి కట్టె కిలోకు 2,250 కిలోకేలరీలకు మించి ఇవ్వదు, యూనిట్‌కు 1.16 కిలోలకు బదులు 1.64 కిలోలు కాల్చాలి. తడి వల్ల బాయిలరు సామర్థ్యం తగ్గడం దీనికి అదనం.

మరి రైతు కట్టెను ఎండబెట్టి ఎందుకు తేడు? తెస్తే నష్టపోతాడు గనుక. సగం తేమ ఉన్న టన్ను కట్టెను 29 శాతం తేమకు ఆరబెడితే బరువు సుమారు 704 కిలోలకు తగ్గుతుంది. టన్నుకు 1,000 రూపాయల చొప్పున పచ్చి కట్టెకు 1,000 రూపాయలు వస్తే, నెలల తరబడి ఆరబెట్టిన అదే కట్టెకు 704 రూపాయలే వస్తాయి. తూకానికి డబ్బు ఇచ్చే పద్ధతి నీటిని కొని, శ్రమను శిక్షిస్తున్నది. తేమను కొలిచి పొడి బరువు మీద ధర కట్టడం కష్టమైన పని కాదు; ధాన్యం మార్కెట్లలో తేమ మీటరు అందరికీ పరిచితమే.

పరిమాణం సంగతీ చూడాలి. 6 మెగావాట్ల కేంద్రం 80 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి దాదాపు 4.2 కోట్ల యూనిట్లు ఉత్పత్తి చేస్తుంది. అందుకు సుమారు 49 వేల టన్నుల ఇంధనం, అంటే రోజుకు 10 టన్నుల లారీలు 13 రావాలి. సర్కారు తుమ్మ ఎక్కడపడితే అక్కడ మొలిచే చెట్టే అయినా నరికే కూలీ, రవాణా ఉచితం కాదు. బొగ్గు బట్టీలకూ అదే కావాలి. సుబాబుల్, సరుగుడు, జామాయిల్ దుంగలకు కాగితపు మిల్లులు పోటీ పడతాయి. మిల్లుకు పనికిరాని కొమ్మలు, చివర్లు, బెరడు మాత్రమే సహజంగా విద్యుత్ కేంద్రాలకు మిగులుతాయి. ఊకను ఇటుక బట్టీలు, ఇతర పరిశ్రమల బాయిలర్లు కొంటాయి. ఒక ప్రాంతంలో కేంద్రాలు పెరిగేకొద్దీ అవే ఒకదాని ఇంధనం ధరను మరొకటి పెంచుతాయి. కేంద్ర నియంత్రణ మండలి 2009 నిబంధనల్లో టన్ను ఇంధనానికి హర్యానాలో 2,168 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 1,301 రూపాయలు ధర కట్టింది. స్థానిక మార్కెట్ ఆ అంకె దాటిన రోజున నష్టమంతా కేంద్రానిదే. చాలా కేంద్రాలు మూతపడటానికి ఇది ఒక ప్రధాన కారణం.

పర్యావరణ కోణంలో మరో లెక్క ఉంది. యూనిట్‌కు సుమారు 3,700 కిలోకేలరీలు ఖర్చు చేసే కేంద్రం సామర్థ్యం 23 శాతం మాత్రమే. మిగిలిన వేడి వృథా. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2010లో చేయించిన అధ్యయనం, అక్కడి అడవి కలపను బొగ్గుకు బదులు విద్యుత్తుకు కాల్చినా కర్బన ఋణం తీరడానికి 20 ఏళ్లకు పైగా పడుతుందని అంచనా వేసింది. దరిమిలా 2012 నిబంధనల్లో ఆ రాష్ట్రం, సామర్థ్యం 50 శాతం దాటితేనే సగం ప్రోత్సాహకం, 60 శాతం చేరితేనే పూర్తి ప్రోత్సాహకం అని నిర్ణయించింది. వేడిని కూడా వినియోగిస్తే తప్ప ఆ ప్రమాణం అందదు. కొన్నేళ్లలోనే నరికి, మొద్దు నుంచి తిరిగి చిగురించే సుబాబుల్‌ను అడవి చెట్టుతో సమానంగా చూడనక్కరలేదు. అయినా తిరిగి నాటారా లేదా అన్న ప్రశ్న మాత్రం రెండింటికీ ఒకటే. మన విధానం ఆ ప్రశ్న అడగలేదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇక్కడ చేయదగిన పని చాలా ఉంది. గట్ల మీద, బీడు భూముల్లో పెంచిన కట్టెకు పొడి బరువు ప్రాతిపదికన బహుళ సంవత్సరాల కొనుగోలు ఒప్పందాలు కుదిర్చేందుకు రైతు సంఘాలకు లెక్కలు నేర్పవచ్చు. ఆకు, లేత రెమ్మలను పొలంలోనే వదలమని చెప్పవచ్చు. పోషకాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. నత్రజని పొగలో పోయినా పొటాష్, కాల్షియం బూడిదలో మిగులుతాయి. మట్టి పరీక్ష చేసి, క్షార నేలలను మినహాయించి, ఆ బూడిదను కట్టె వచ్చిన పొలాలకే తిరిగి చేర్చే షరతును కొనుగోలు ఒప్పందంలోనే రాయించవచ్చు.