పగిలిన బల్బు: వెలగని దీపంలో విద్యుత్తు

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు ఇక్కడి ఇళ్లలో వింతగా తోచే విషయాలలో ఒకటి, ముందుగది పైకప్పుకు దీపం లేకపోవడం. చాలా ఇళ్లలో ఆ గదికి వెలుగునిచ్చేది మూలన నిలబెట్టిన పొడవాటి దీపస్తంభమో, సోఫా పక్క బల్లమీది దీపమో మాత్రమే. దీపం మనిషికి అందే ఎత్తులో ఉన్నందున అది పిల్లల బంతికీ, దులిపే దుప్పటికీ కూడా అందుతుంది. దీపం పడిపోతుంది, బల్బు గాజు చిట్లి రాలుతుంది, అడుగున ఉన్న లోహపు తొడుగు మాత్రం హోల్డరులోనే బిగుసుకొని మిగిలిపోతుంది. దానిని బయటికి తీయడం చిన్న పనిగానే కనిపిస్తుంది. అయితే స్వదేశంలో బల్బులు మార్చి అలవాటుపడిన చేతులు ఇక్కడ తెలియక చేసే పొరపాటు ఒకటి ఉన్నది. దానికి కారణం బల్బు అడుగుభాగపు నిర్మాణంలోనే కనిపిస్తుంది.

భారతదేశంలో తరతరాలుగా వాడుకలో ఉన్న బల్బుకు అడుగున 22 మిల్లీమీటర్ల వ్యాసం గల తొడుగు, దాని ప్రక్కలకు రెండు చిన్న మొలలు ఉంటాయి. మొలలను హోల్డరు గాళ్లలో ఉంచి, నొక్కి, కొద్దిగా తిప్పితే బల్బు నిలుస్తుంది. బ్రిటిషువారి వాడుక నుంచి మనకు వచ్చిన పద్ధతి ఇది. ఇందులో విద్యుత్తు బల్బులోనికి ప్రవేశించేది, తిరిగి వెలుపలికి పోయేది అడుగున ఉన్న రెండు చుక్కల ద్వారానే. చుట్టూ ఉన్న తొడుగు బల్బును పట్టి ఉంచడానికే గాని విద్యుత్తును మోయడానికి కాదు.

అమెరికాలో స్థిరపడినది థామస్ ఆల్వా ఎడిసన్ పద్ధతి. విద్యుద్దీపంపై ఆయనకు పేటెంటు 1880 జనవరి 27న లభించింది. మరచుట్టుతో బిగించే అడుగుభాగానికి సంబంధించిన పేటెంటు 1881లో వచ్చింది. నాటి మరచుట్టే నేటికీ ఇక్కడి ఇళ్లలో కొనసాగుతున్నది. దీని వ్యాసం 26 మిల్లీమీటర్లు. ఇందులో అడుగున మధ్యనున్న చుక్క ఒక ధ్రువమైతే, మరచుట్లు గల లోహపు తొడుగు మొత్తం రెండవ ధ్రువం. అంటే బల్బు పగిలినప్పుడు వ్రేళ్లకు అందేటట్లు మిగిలే ఆ లోహమే విద్యుద్వలయంలో సగం. నొక్కి తిప్పే బల్బుకూ, మరచుట్టు బల్బుకూ గల అసలు భేదం ఇదే. బిగించే తీరులోని తేడా అందరికీ కనిపిస్తుంది. ఈ తేడా కంటికి కనిపించదు.

కనిపించనిది మరొకటి కూడా ఉన్నది. ఫిలమెంటు బల్బులో టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ వేడితో వెలుగుతుంది. గాజులోపల ప్రాణవాయువు లేనంతవరకే ఆ తీగకు మనుగడ. గాజు పగిలి గాలి తగిలిన మరుక్షణం అది కాలిపోతుంది; దీపం ఆరిపోతుంది. కాని ఆ తీగను మోసిన రెండు కమ్మీలు తొడుగులో నిటారుగా నిలిచే ఉంటాయి. స్విచ్చి వేసి ఉన్నంతసేపు వాటి మధ్య 120 వోల్టుల పీడనం ఉంటుంది. వెలుగు లేదు కనుక కరెంటు లేదనుకోవడం పగిలిన బల్బు విషయంలో తప్పు. బాగున్న బల్బు తనలో విద్యుత్తు ఉన్నదని వెలిగి చెబుతుంది. పగిలిన బల్బుకు అలా చెప్పే సాధనం లేదు.

స్విచ్చి ఆపితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. దీపంలోని స్విచ్చి ఒక్క తీగనే తెంచుతుంది. సక్రమంగా అమర్చిన దీపంలో ఫేజు తీగ స్విచ్చి గుండా మధ్యచుక్కకు, న్యూట్రలు తీగ మరచుట్టు తొడుగుకు చేరుతాయి. అప్పుడు తొడుగులో భయపడవలసినంత పీడనం ఉండదు. ఈ క్రమం తారుమారు కాకుండా చూసేది ప్లగ్గుకు గల రెండు రేకులే. వాటిలో ఒకటి రెండవదానికంటె వెడల్పు, అది న్యూట్రలు. గోడలోని చీలికలలో కూడా ఒకటి వెడల్పుగా ఉండటం వల్ల ప్లగ్గు ఒక్క విధంగానే లోపలికి పోతుంది. కాని పాత దీపాలకు రెండు రేకులూ సమానంగా ఉంటాయి. వాటిని ఎటు తిప్పి అయినా దూర్చవచ్చు. పాత గోడ చీలికలో పట్టడం లేదని వెడల్పు రేకును ఆకురాయితో అరగదీసినవారూ లేకపోలేదు. చదువుకునే రోజులలో గరాజి సేల్‌లో రెండు డాలర్లకు కొన్నవి, ఒక కుటుంబం ఊరు మారుతూ మరొక కుటుంబానికి అప్పగించి వెళ్లినవి ఇటువంటి దీపాలే కావచ్చు. ప్లగ్గు తిరగబడితే ఫేజు నేరుగా మరచుట్టు తొడుగుకే చేరుతుంది. స్విచ్చి తెంచేది న్యూట్రలును. స్విచ్చి ఆపి ఉన్నా తొడుగులో 120 వోల్టులూ అలాగే ఉంటాయి.

స్వదేశంలో గోడమీది ప్రతి ప్లగ్గు పక్కన ఒక స్విచ్చి ఉంటుంది. దానిని ఆపి పని మొదలుపెట్టడం అక్కడి అలవాటు. ఇక్కడ అటువంటి స్విచ్చి సాధారణంగా ఉండదు. కొన్ని ఇళ్లలో తలుపు పక్కనున్న స్విచ్చి గదికి ఆవలి గోడలో ఉన్న ప్లగ్గును నడుపుతుంది. దానిని ఆపి పనికి కూర్చున్న వేళ మరొకరు గదిలోకి వస్తూ అలవాటుగా మీట నొక్కవచ్చు. కనుక ప్లగ్గును గోడనుంచి పూర్తిగా ఊడదీసి, పని చేసేవారి కంటి ఎదుట నేలమీద ఉంచడమొక్కటే నమ్మదగిన పద్ధతి.

120 వోల్టులు మన దేశపు 230లో సగమే కదా అన్న ధీమా కొందరిలో కనిపిస్తుంది. హాని చేసేది శరీరం గుండా ప్రవహించే కరెంటు. సుమారు ఒక మిల్లీ ఆంపియరు ప్రవహిస్తే జివ్వుమన్నట్లు తెలుస్తుంది. పది పదిహేను మిల్లీ ఆంపియర్ల వద్ద కండరాలు బిగుసుకొని, పట్టిన వస్తువును వదలడం కష్టమవుతుంది. నూరు మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా ప్రవహిస్తే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలగవచ్చు. పొడి చర్మపు నిరోధం వేల ఓముల నుంచి లక్ష ఓముల వరకు ఉండవచ్చు. చెమటపట్టిన, తడిసిన, గాజు కోసిన చేతిది వేయి ఓములకు పడిపోవచ్చు. 120ని వేయితో భాగిస్తే వచ్చేది 120 మిల్లీ ఆంపియర్లు. పగిలిన బల్బుతో పని చేసేవారి వ్రేలు తెగే అవకాశం ఎక్కువని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటి బ్రేకరు కాపాడుతుందనుకోవడం కూడా పొరపాటు. అది సాధారణంగా 15 లేదా 20 ఆంపియర్లు దాటితేనే తెగుతుంది. అంటే ప్రాణం తీయగల కరెంటుకు నూటయాభై రెట్లు. అది గోడలోని తీగలను కాపాడటానికి ఏర్పాటు చేసినది. స్నానాలగదిలోనూ వంటింటిలోనూ మీటగల ప్రత్యేకమైన ప్లగ్గులు సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగుతాయి గాని, ముందుగది దీపం వాటికి తగిలించి ఉండటం అరుదు.

పైకప్పుకో గోడకో అమర్చిన దీపమైతే ఊడదీయడానికి ప్లగ్గు ఉండదు. అప్పుడు బ్రేకర్ల పెట్టె వద్దకు వెళ్లక తప్పదు. పెట్టె తలుపుమీద పాత యజమాని వ్రాసిపోయిన పేర్లు చాలాసార్లు తప్పుగా ఉంటాయి. తీగను తాకకుండానే విద్యుత్తును పసిగట్టే పెన్నువంటి పరికరం దుకాణాలలో దొరుకుతుంది. దానిని ముందు విద్యుత్తు ఉన్నదని తెలిసిన ప్లగ్గు వద్ద పరీక్షించి, తరువాత పగిలిన బల్బు వద్ద, మరల మొదటి ప్లగ్గు వద్ద పరీక్షించాలి. పరికరపు బ్యాటరీయే అయిపోయి ఉంటే అది పలికే మౌనానికి అర్థం లేదు. బ్రేకరు ఆపినవారు పెట్టెకు ఒక చీటీ అంటించి, ఇంట్లోవారికి నోటితో కూడా చెప్పడం మంచిది.

ఇక తీసే పని. వెలుగుతూ పగిలిన బల్బు తొడుగు కాలుతూ ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగాలి. పిల్లలను పక్కగదికి పంపి, అందరూ చెప్పులు తొడుక్కోవాలి. మన ఇళ్లలో వట్టికాళ్లతో తిరగడం ఆచారం కనుక ఈ మాట ముఖ్యం. కార్పెట్టులో దాగిన గాజుముక్క వారం తరువాత కూడా కాలికి దొరుకుతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు మందపాటి తోలు తొడుగులు అవసరం. పైకప్పు దీపమైతే కళ్లద్దాలు లేకుండా తల ఎత్తనే కూడదు. కింద పాత దుప్పటి కాకుండా వార్తాపత్రికలు పరచడం మేలు, గాజుతో సహా చుట్టి పారవేయవచ్చు.

కావలసిన పనిముట్టు సన్నమూతి గల పట్టకారు. దాని రబ్బరు పిడులు చాలావరకు చేయి జారకుండా ఉండటానికే గాని విద్యుత్తునుంచి రక్షించడానికి కావు. ప్లగ్గు ఊడదీసిన తరువాతనే దానిని చేతపట్టాలి. మిగిలిన గాజును ముక్కముక్కగా తీసివేసి, తొడుగు అంచును పట్టకారుతో గట్టిగా పట్టుకొని, హోల్డరు నోటివైపు చూస్తూ అప్రదక్షిణ దిశలో తిప్పాలి. అంచు వంగి చిరిగినా నష్టం లేదు; దానిని ఎలాగూ పారవేయవలసినదే. లోపలికి వంచిన కొద్దీ అది హోల్డరునుంచి వదులవుతుంది కూడా. అంచు దొరకకపోతే పట్టకారు మూతిని తొడుగు లోపలికి దూర్చి, పిడులను విడదీసి, లోపలివైపునుంచి ఒత్తిపట్టి తిప్పవచ్చు. ఒక చేత్తో హోల్డరును కదలకుండా పట్టుకోవడం మరువరాదు. లేనిచో తొడుగుకు బదులు హోల్డరే తిరిగి లోపలి తీగలు మెలిపడతాయి.

ఎంతకూ కదలని తొడుగులు కొన్ని ఉంటాయి. వేడికి అల్యూమినియం గాజుకంటె రెండురెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన బల్బులో గాజును తొడుగుకు అంటించిన లప్పం సడలి, విప్పబోతే గాజు మాత్రమే ఊడి చేతికి వస్తుంది. బల్బు తలక్రిందులుగా ఉండే దీపాలలో వేడి నేరుగా తొడుగుకే ఎక్కడం వల్ల ఇది మరీ ఎక్కువ. వాకిటి దీపాలలో తేమ చేరి, అల్యూమినియం తొడుగు ఇత్తడి హోల్డరుకు తుప్పుతో అతుక్కుపోతుంది. అటువంటిదానిని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు కదిలిస్తూ తీయాలి. అప్పటికీ రాకపోతే బల్లదీపానికి కొత్త హోల్డరు వేయడం కొద్ది డాలర్ల పని. అద్దె ఇంటిలో పైకప్పు దీపమైతే ఇంటివారికి కబురు చేయడమే సబబు.

బంగాళాదుంపను సగానికి కోసి, పగిలిన బల్బుమీద గుచ్చి తిప్పాలన్న చిట్కా ఈ దేశంలో చాలా ప్రచారంలో ఉన్నది. గాజునుంచి చేతికి కొంత రక్షణ కలుగుతుందన్నది నిజం. కాని దుంపలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. దానిలో కరిగిన లవణాలు విద్యుత్తును మోస్తాయి. ప్లగ్గు ఊడదీయనివారికి దుంప రక్షణ కాదు, తడిచేయి వంటిది. ఊడదీసినవారికి కూడా దుంపరసం హోల్డరులో మిగిలి తుప్పుకు దారితీస్తుంది. పట్టకారు దొరికే ఇంట్లో దుంపను కూరకు ఉంచుకోవడమే నయం.

తొడుగు వచ్చిన తరువాత, ప్లగ్గు పెట్టకముందే హోల్డరులోనికి టార్చిలైటుతో చూడాలి. అడుగున నాలుకవంటి చిన్న ఇత్తడి రేకు ఉంటుంది. పాత బల్బును అతిగా బిగించి ఉంటే అది అణిగిపోయి కొత్త బల్బుకు అందదు. కొద్దిగా పైకి ఎత్తితే సరిపోతుంది. రేకు నల్లగా మాడి ఉన్నా, హోల్డరు పగిలి ఉన్నా దానిని మార్చవలసిందే.

అమెరికాలో సామాన్య గృహోపయోగపు ఫిలమెంటు బల్బుల అమ్మకాన్ని నిలిపే నిబంధన 2023 ఆగస్టులో అమలులోకి వచ్చింది. ఇప్పుడు దుకాణాలలో ఎక్కువగా కనిపించే ఎల్ఈడీ బల్బులకు చాలావరకు ప్లాస్టిక్ బుర్రలే. తీసే విధానం మాత్రం ఇదే. అయితే మెలితిరిగిన గొట్టాలతో ఉండే సీఎఫ్ఎల్ బల్బులు ఇంకా ఎన్నో ఇళ్ల దీపాలలోనూ అల్మారాలలోనూ ఉన్నాయి. ఒక్కొక్కదానిలో సుమారు 4 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పాతకాలపు జ్వరమానినిలో 500 మిల్లీగ్రాముల వరకు ఉండేదన్నది గుర్తుచేసుకుంటే కంగారు కొంత తగ్గుతుంది. అయినా పగిలిన గొట్టంనుంచి వచ్చేది ఆవిరి గనుక, నేలమీద పాకే పసిపిల్లలున్న ఇంటిలో అశ్రద్ధ తగదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచించిన పద్ధతి ప్రకారం, ముందుగా మనుషులూ పెంపుడు జంతువులూ గదినుంచి వెళ్లిపోవాలి. కిటికీ తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. ఇల్లంతటికీ గాలి పంపే వేడి, చల్లదనాల యంత్రాన్ని ఆపాలి. చీపురూ వాక్యూమ్ క్లీనరూ వాడరాదు. అవి పొడిని గాలిలోనికి లేపుతాయి. ముక్కలను మందపాటి అట్టతో ఎత్తి, సన్నని పొడిని అంటుకునే టేపుతో తీసి, గట్టి నేలను తడి కాగితంతో తుడవాలి. తీసినవన్నీ, తుడిచిన కాగితంతో సహా, మూత బిగించిన గాజుసీసాలో పెట్టి ఇంటి వెలుపల ఉంచాలి. వాటిని ఎక్కడ ఇవ్వాలన్నది ఊరూరికీ మారుతుంది. కొన్ని రాష్ట్రాలలో ఇంటి చెత్తలో వేయడం చట్టవిరుద్ధం కనుక స్థానిక కార్యాలయాన్ని అడగవలసి ఉంటుంది. ఆ తరువాత కూడా కొన్ని గంటలపాటు కిటికీ తెరిచే ఉంచి, వేడి యంత్రాన్ని ఆపే ఉంచాలి. చలికాలపు రాత్రి అది కొంచెం ఓర్పుతో కూడిన పనే. ఆ గది తలుపు మూసి, పిల్లలను మరొక గదిలో పడుకోబెట్టుకుంటే సరిపోతుంది.